గిన్నెడు సోడా

ఈతకొలను అంచున తెల్లగీత మళ్ళీ వచ్చిందని తోటమాలి కేకేసిన ఉదయం, హోటల్ మొత్తంలో సంతోషపడిన మనిషి ఒక్కతే. ఆమె వెనకవైపు బట్టలుతికే గదిలో నిలబడి తువ్వాళ్ళు మడతపెడుతోంది. కేక చెవిన పడగానే, నిలువునా మడవాల్సిన తువ్వాలును అడ్డంగా మడిచి, నాలిక్కరుచుకుని, విప్పి మళ్ళీ మడిచింది. అలా తప్పుగా మడవడం ఆమె చేతికి కొత్త. నిద్రలో లేపి తువ్వాలు చేతికిచ్చినా అక్క కొలత తప్పదని వంటవాడు వేళాకోళం చేస్తుంటాడు.

హోటల్లో అందరూ ఆమెను తువ్వాళ్ళక్క అంటారు. మేనేజరు అక్కా అంటాడు, తోటమాలి అక్కా అంటాడు, వయసులో ఆమెకన్నా పెద్దవాడైన వంటవాడు కూడా మొహమాటం లేకుండా అక్కా అంటాడు. నలభై దాటింది, పెళ్ళి కాలేదు, గొంతు పెంచి మాట్లాడదు, అడిగినవాళ్ళకల్లా పొడి తువ్వాలు చేతిలో పెడుతుంది. అక్క కాక ఇంకేమవుతుంది! పిలిచేవాళ్ళకు అది ఆప్యాయతే. వినే ఆమెకు మాత్రం ఆ మాట ఎప్పుడో బరువైపోయింది. ఇక నీ సంగతి ఇంతే అని అందరూ కలిసి తీర్మానించేసినట్టు ఉంటుంది.

ఆమెను అక్కా అనని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను సున్నం మేస్త్రి. లోకంలో మేస్త్రులందరూ గోడలకు సున్నం వేస్తే ఈయనొక్కడే గీకుతాడని వంటవాడు పెట్టిన పేరు అది. ఈతకొలనులున్న ఇళ్ళకూ హోటళ్ళకూ తిరిగి, నీటి అంచున టైల్స్ మీద పళ్ళ గారలా పేరుకున్న తెల్లటి సున్నాన్ని తీసి, మళ్ళీ పేరుకోకుండా నీళ్ళను దారిలో పెట్టడం అతని పని. పిలిస్తేనే వస్తాడు. గీత కనబడితేనే పిలుస్తారు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే "ఏమండీ" అంటాడు. అదీ నోటికి రాకపోతే గొంతు సవరించుకుని నిలబడతాడు. అక్కా అనడానికి ఎంతసేపు పడుతుంది? అయినా అనడు. అనకపోవడంలో ఏదో ఉందని ఆమె ఆశ. ఆ ఆశతో ఎన్నాళ్ళైనా ఎదురుచూడగలననుకుంది గానీ చూడలేకపోయింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. స్కూటర్ గోడవార నిలిపి, సామాను దించుకుని, ఎవరినీ పలకరించకుండా తిన్నగా కొలను దగ్గరికి నడిచాడు. తువ్వాళ్ళక్క అప్పటికే ఒక దొంతర ఎత్తుకుని కొలను పక్కనున్న అరల దగ్గరికి చేరిపోయింది. ఆ అరలు పొద్దునే నింపింది. ఇప్పుడు వాటిని ఖాళీ చేసి మళ్ళీ నింపడం మొదలుపెట్టింది.

అతను అంచు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. నీలం టైల్స్ మీద, నీళ్ళు ఆగే చోట, వేలెడు మందాన గరుకైన తెల్లని పట్టీ. ఎండ పడే వైపు ఎక్కువ, చెట్టునీడ వైపు తక్కువ. మోకాళ్ళ మీద కూర్చుని ఆ పట్టీ మీద సీసాలోంచి ఒక్క చుక్క యాసిడ్ వేశాడు. అది బుసబుసమని పొంగింది.

"లేత సున్నమే," అన్నాడు తనలో తను. "పాతదైతే ఇలా పొంగదు. మొన్నమొన్న కట్టింది."

తర్వాత చిన్న గాజుగొట్టంలో కొలను నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, బొటనవేలితో మూతి మూసి ఊపి, ఎండకు ఎత్తి చూశాడు. నీళ్ళు నారింజ రంగు దగ్గర ఆగాలి. ఎర్రగా తిరిగిపోయాయి, అంటే పులుపు బాగా తగ్గిపోయింది. పారబోసి, గొట్టం కడిగి, మళ్ళీ పట్టాడు. మళ్ళీ అదే ఎరుపు.

అతని మొహంలో అయోమయం చూసి ఆమెకు బాధేసింది. అంతలోనే అతను తలెత్తి గొంతు సవరించుకోవడంతో ఆ బాధ కాస్తా మాయమైంది. ఆశ ఎంత సిగ్గులేనిదో!

"ఏమండీ, మీరు రోజూ ఇటే తిరుగుతుంటారు కదా. ఈ నీళ్ళల్లో ఎవరన్నా ఏమన్నా పోస్తున్నారా?"

"ఎవరు పోస్తారు?" అంది ఆమె.

అబద్ధం చెప్పలేదు, ప్రశ్న వేసింది. ఆ తేడాను పట్టుకుని ఆ పూటంతా తన మనసుకు సర్దిచెప్పుకుంది.

పోస్తున్నది ఆమే. తెల్లవారుతూనే, కొలను దగ్గర మనిషి అలికిడి లేనప్పుడు, ఉతుకుడు గదిలోని డబ్బాలోంచి బట్టల సోడా ఒక గిన్నెడు తీసుకెళ్ళి నీళ్ళల్లో వదులుతుంది. ఈ కిటుకు మరెవరో నేర్పలేదు. ఒకసారి మాటల్లో మేస్త్రే చెప్పాడు. బోరునీళ్ళ కడుపులో సున్నం ఉంటుందట. నీళ్ళు కొంచెం పులుపు మీదుంటే అది కరిగి, కంటికి కనబడకుండా, బుద్ధిగా కూర్చుంటుందట. కాస్త సోడా తగిలితే చాలు, ఇక దాగలేక బయటపడి టైల్స్‌కు అంటుకుంటుందట. చెప్పినవాడు చెప్పి మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. అతను వచ్చి చాలాకాలమై, రేపొస్తాడు ఎల్లుండొస్తాడు అనుకుంటూ విసిగిన ఒక ఉదయం, ఆమె చేయి దానంతటదే గిన్నె మీదికి వెళ్ళింది. అలా మొదలైంది.

*

మర్నాడు అతను పొద్దునే వచ్చాడు. ముందు నీటిమట్టం జానెడు దించి, పట్టీ మొత్తం గాలికి తేలేలా చేశాడు. బకెట్లో నీళ్ళు పోసి, వాటిలో యాసిడ్ సన్నని ధారగా కలిపాడు. నీళ్ళ మీదే యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్ మీద నీళ్ళు పోయకూడదని, పోస్తే మొహం మీదికి చిమ్ముతుందని తోటమాలికి మరోసారి చెప్పాడు. రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ నీళ్ళను బ్రష్‌తో పట్టీకి రాసి, మెత్తబడ్డాక నురగరాయితో రుద్దడం మొదలుపెట్టాడు. రాయీ తడిగా ఉండాలి, టైలూ తడిగా ఉండాలి. పొడిరాయి తగిలితే గీత పోదు సరికదా, కొత్త గీతలు పడతాయి. ఒక్కో టైలునూ తడిపి, రుద్ది, తుడిచి, అరచేత్తో తడిమి చూసి పక్కదానికి జరుగుతున్నాడు. అతను జరిగినకొద్దీ వెనక నీలం రంగు మేల్కొంటోంది.

ఆమె ఆ రోజు ఎన్నిసార్లు అరల దగ్గరికి వచ్చిందో వంటవాడు కిటికీలోంచి లెక్కపెట్టే ఉంటాడు. "అక్కా, ఆ తువ్వాళ్ళు నడిచి పారిపోతున్నాయా ఏంటి, అస్తమానం కాపలా కాస్తున్నావు?" అని ఒక కేక కూడా వేశాడు. ఆమె వినబడనట్టు నటించింది.

ఎండ నెత్తి మీదికి వచ్చాక మేస్త్రి చెట్టునీడలో కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టింది.

"మరీ పుల్లబడినా ప్రమాదమేనండీ," అన్నాడు సీసా అందుకుని, కొలను వైపు చూస్తూ. ఏ మాట మొదలుపెట్టినా అతనికి నీళ్ళ గురించే వస్తుంది. "గోడల్నే తినడం మొదలుపెడతాయి. అటు పోతే తింటాయి, ఇటు పోతే కక్కుతాయి. మధ్యలో నిలబెట్టడమే పని."

"ఊఁ," అంది ఆమె. నీళ్ళ గురించి ఆమెకు వినాలని లేదు. తన గురించి ఒక్క మాట అడిగితే బాగుండునని ఉంది. పెద్ద మాట కూడా అక్కర్లేదు.

అతను కాసేపు సీసా మూత తిప్పుతూ కూర్చుని, "ఏమండీ, మీరు అన్నం తినగా ఎప్పుడూ చూడలేదు. ఏ వేళకి తింటారు?" అన్నాడు.

"తువ్వాళ్ళు ఆరేశాక."

"అంటే ఏ మూడో అవుతుందేమో."

"అవుతుంది."

అంతే సంభాషణ. మనిషన్నాక ఎవరైనా అడిగే మాటే. కానీ తను ఎప్పుడు తింటుందో తెలుసుకోవాలని ఇన్నేళ్ళలో ఎవరికీ అనిపించలేదని ఆమెకు అప్పుడే తట్టింది. ఆ ప్రశ్నను తీసుకెళ్ళి ఉతుకుడు గదిలో దాచుకుని, తిప్పి తిప్పి చూసుకుంది.

సాయంత్రం సామాను కడుక్కుంటూ అతను చల్లగా కబురు చెప్పాడు. "రేపటితో అయిపోతుందండీ. ఈసారి గట్టి ఏర్పాటే చేయిస్తున్నాను. నీళ్ళొచ్చే పైపుకి సున్నం పట్టేసే యంత్రం పెట్టమని మేనేజరు గారికి చెప్పాను, సరేనన్నారు. వారానికోసారి అంచు రుద్దడం తోటమాలికి నేర్పిస్తాను. ఇక గీత రమ్మన్నా రాదు. మీకు నా పీడ విరగడైనట్టే."

అని నవ్వి, నవ్వాక కూడా వెంటనే వెళ్ళకుండా నిలబడ్డాడు. ఏదో వినాలని నిలబడ్డట్టే ఉంది. వద్దనాలని ఆమెకు ఉంది. నోట్లోంచి మాత్రం, "మంచిదే కదా," అన్న మాట వచ్చింది. అతను తలూపి వెళ్ళిపోయాడు.

మంచిదే కదా! ఆ మాటను తలుచుకుని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. ఆమె ఉండేది తమ్ముడింట్లో. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే మరదలు, "వదినా, ఆ అన్నం నీకేం అపకారం చేసింది?" అంది. ఏమని చెబుతుంది?

*

తెల్లవారింది. కొలను దగ్గర ఎవరూ లేరు. ఆమె సోడా గిన్నె తెచ్చి నీళ్ళల్లో వంచింది. అది చాలదనిపించింది. ఇవాళతో పని అయిపోతుంది, ఇక రాడు. వెనక్కి వెళ్ళి ఇంకో గిన్నెడు తెచ్చింది. తర్వాత ఇంకొకటి. చివరికి డబ్బానే ఎత్తుకొచ్చింది. వంచుతున్నంతసేపూ తను ఏం చేస్తోందో ఆమెకు తెలుసు. తెలిసీ చేయి ఆగలేదు. ఎక్కువ పోస్తే ఎక్కువ రోజులు ఉంటాడన్న లెక్క ఒక్కటే తలలో తిరిగింది.

డబ్బా ఖాళీ చేసి తలెత్తేసరికి నీళ్ళు నీళ్ళలా లేవు. పాలు కలిపినట్టు తెల్లగా మారిపోయాయి. అడుగు కనబడటం లేదు. మెట్లు కనబడటం లేదు. డబ్బా పట్టుకుని ఉతుకుడు గదిలోకి పరిగెత్తింది.

అది హోటల్ నిండుగా ఉన్న రోజు. ఫలహారాలు కాగానే పిల్లలూ పెద్దలూ తువ్వాళ్ళు భుజాన వేసుకుని వచ్చి, ఆ తెల్లని నీళ్ళు చూసి ఆగిపోయారు. ఒక పిల్ల ఎవరూ చూడకుండా దిగి, కనబడని మెట్టు మీద కాలు జారి, మోకాలు గీరుకుని బావురుమంది. వాళ్ళమ్మ మేనేజరును పిలిచి అందరి ముందూ కడిగేసింది.

అదే సమయానికి మేస్త్రి వచ్చాడు. పాపం, ఆ రోజు కాస్త ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కొలను చూసి అంచు దగ్గరికి పరుగున వచ్చాడు. నీళ్ళు పట్టి చూద్దామని తొడుగులు వేసుకోకుండానే గాజుగొట్టం తీశాడు. తొందరలో అది చేయి జారి రాళ్ళ మీద పడి పగిలింది.

"చూసే పనేముంది?" అన్నాడు మేనేజరు. అతిథుల ముందు అణుచుకున్న కోపమంతా ఇప్పుడు దారి దొరికి బయటికి వచ్చింది. "నాకు ఇవాళ అర్థమైంది. ఎన్నిసార్లు గీకినా గీత ఎందుకొస్తోందా అనుకున్నాను. నువ్వే తెప్పిస్తున్నావు! నువ్వు పనిచేస్తుండగానే ఇలా అయిందంటే ఇంకెవరు చేస్తారు? ఏదో ఒకటి కలపడం, మేము మళ్ళీ పిలవడం. ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నావీ ఆట?"

"అయ్యో, నేనెందుకు కలుపుతానండీ..."

"మాట్లాడకు. ఊళ్ళో ఏ హోటల్ వాడూ నిన్ను గడప తొక్కనివ్వకుండా చేస్తాను. అందరూ నాకు తెలిసినవాళ్ళే. ఇవాళే ఫోన్లు చేసి నీ బండారం చెబుతాను."

తోటమాలి మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వంటవాడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మేస్త్రి పగిలిన గాజుముక్కలను వంగి ఒక్కొక్కటే ఏరుతున్నాడు. వాటిని ఏరకపోతే ఎవరికైనా గుచ్చుకుంటాయన్నది ఒక్కటే ఆ క్షణాన అతనికి తోచినట్టుంది.

తువ్వాళ్ళక్క ఉతుకుడు గది గుమ్మంలోంచి అదంతా చూస్తూ, తెలియకుండానే కొలను దాకా వచ్చేసింది. అతని వేళ్ళను ఇంత దగ్గర్నుంచి, ఇంత పట్టి చూడటం ఆమెకు ఇదే మొదలు. చివర్లన్నీ పగిలి ఉన్నాయి. గోళ్ళ పక్కన తోలు లేచి ఎర్రగా మెరుస్తోంది. యాసిడ్ నీళ్ళు తొడుగు చిల్లుల్లోంచి కారి తిన్న వేళ్ళవి. తను గిన్నె వంచినప్పుడల్లా ఆ వేళ్ళ మీదే వంచింది. ఇన్నాళ్ళూ తనది ప్రేమ అనుకుంది. దాని ఖరీదు మాత్రం అతని చర్మం కట్టింది.

ఆమె నడిచి వెళ్ళి మేనేజరు ముందు నిలబడింది.

"ఆయన కాదు. నేను పోశాను. బట్టల సోడా."

"నువ్వెళ్ళి పని చూసుకో అక్కా," అన్నాడు మేనేజరు ఆమె వైపు సరిగ్గా చూడకుండానే. "నీ జాలిగుండె సంగతి నాకు తెలుసు. ఇందులో తలదూర్చకు."

"జాలి కాదు. కావాలంటే డబ్బా చూడండి. మొన్న తెప్పించిన డబ్బా ఖాళీగా ఉంది. ఇంతకు ముందు కూడా నేనే పోశాను. గీత వచ్చినప్పుడల్లా నేనే."

మేనేజరు ఈసారి ఆమె వైపు చూశాడు. చూసి, మేస్త్రి వైపు చూశాడు. అతని మొహంలో కొత్త వెలుగొకటి పుట్టింది.

"ఓహో! అదన్నమాట సంగతి. ఇద్దరూ కూడబలుక్కున్నారా? లోపలి నుంచి నువ్వు పోయడం, బయటి నుంచి వాడు రావడం. అక్కా, నువ్వా! నేను కలలో కూడా అనుకోలేదు."

తన నిజం అతన్ని ఇంకా లోతుకు తోసిందని ఆమెకు అర్థమైంది. మేస్త్రి చేతిలో గాజుముక్కలతో లేచి నిలబడి ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. తెలియకపోవడమే ఉంది. అతనికి నిజంగా ఏమీ తెలియదని ఈ జనాన్ని నమ్మించాలంటే, తను ఎందుకు పోసిందో చెప్పాలి. ఇంకో దారి లేదు. తప్పు ఒప్పుకోవడం తేలికే. కారణం ఒప్పుకోవాలంటే మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది.

"ఆయనకేం తెలీదు," అంది. మళ్ళీ అంది, ఈసారి అందరికీ వినబడేలా. "గీత వస్తేనే కదా ఆయన వస్తారు. ఆయన్ని చూడాలని పోశాను. ఆయన వస్తారని. అంతే."

ఎవరూ నవ్వలేదు. దేనికైనా ఒక వేళాకోళం సిద్ధంగా ఉంచుకునే వంటవాడు కూడా తల దించుకుని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అవి తడిగా లేకపోయినా. మేనేజరు "సరే సరే, అందరూ పనుల్లోకి వెళ్ళండి," అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. ఫోన్ల మాట మళ్ళీ ఎత్తలేదు, ఆమెను పనిలోంచి తీసేసే మాటా ఎత్తలేదు.

*

మేస్త్రి ఆ రోజంతా పనిచేశాడు. దూరదూరంగా నాలుగు చోట్ల కొంచెం కొంచెం యాసిడ్ కలిపి, వడపోత యంత్రం ఆపకుండా నడిపించి, అడుగున దిగిన తెల్లని పొడిని గొట్టంతో పీల్చి తీశాడు. మధ్యాహ్నం చెట్టునీడలోకి రాలేదు. ఆమె అరల దగ్గరికి వెళ్ళలేదు. కిటికీలోంచి చూడనూ లేదు. పొద్దు వాలేవేళకు కొలను అడుగు మసకమసకగా కనబడిందని తోటమాలి ఎవరితోనో అనడం వినబడింది.

తర్వాత అతను ఉతుకుడు గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆమె యంత్రంలోంచి తడి తువ్వాళ్ళు తీస్తోంది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు.

"వేళ్ళు పగిలినందుకు కాదండీ," అన్నాడు అతను. "వేళ్ళు మాకు అలవాటే. నీళ్ళు నా మాట వినడం లేదని కుమిలిపోయాను. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని. ఇది కూడా చేతకావడం లేదంటే ఇక నేనెందుకూ అనుకున్నాను. కొలను దగ్గర మిమ్మల్ని అడిగాను కూడా. ఎవరు పోస్తారు అన్నారు."

ఆమె తువ్వాలును గుప్పిట బిగించింది. నీళ్ళు కారి కాళ్ళ మీద పడ్డాయి.

"తప్పే," అంది.

"తప్పనే అంటున్నాను." అతని గొంతు కొంచెం గట్టిపడింది, వెంటనే తగ్గింది. "రమ్మంటే రాకపోయేవాడినా?"

"ఏమని రమ్మనను?"

అతను గుమ్మం మీద ఎండిన మరకను గోటితో గీకుతూ, "తోటమాలికి రుద్దడం చూపించాను. పైపుకి యంత్రం కూడా వచ్చే వారం పెట్టేస్తారు. ఇక గీత రాదు. నేను రావక్కర్లేదు," అన్నాడు. స్కూటర్ చప్పుడు గేటు దాటి, సందు తిరిగి, వినబడకుండా పోయింది. ఆమె చేతిలో తువ్వాలు ఇంకా పిండకుండానే ఉంది.

*

ఆ తర్వాతి రోజుల్లో హోటల్లో ఒక విచిత్రం జరిగింది. అందరూ ఆమెను పిలవడం మానేశారు. మానేశారంటే మాట్లాడటం మానలేదు. పిలుపు దగ్గరే తడబడుతున్నారు. మేనేజరు "అ..." అని ఆగి, "ఆ తువ్వాళ్ళు పైగదికి పంపించు," అంటాడు. వంటవాడు "ఇదిగో, ఏవమ్మా," అంటాడు. ఆడమనిషి ఒకతె తమ మధ్య తిరుగుతోందని వాళ్ళకు ఇప్పుడే తెలిసినట్టుంది. ఒకప్పుడైతే దానికి సంతోషించేదేమో. ఇప్పుడు దేనికీ సంతోషం లేదు.

రోజూ పొద్దునే తువ్వాళ్ళు సర్దడానికి వెళ్ళి, అంచు దగ్గర ఆగి చూస్తుంది. నీలం టైల్స్ తళతళలాడుతున్నాయి. తోటమాలి నేర్చుకున్నది శ్రద్ధగానే చేస్తున్నాడు. పైపుకు యంత్రం కూడా వచ్చింది. వెంట్రుకంత తెల్లదనం ఎక్కడైనా ఉందేమోనని ఆమె కళ్ళు తమకు తాముగా వెతుకుతాయి. లేదు. అతను అన్నట్టే పని చేశాడు, ఇక రానక్కర్లేకుండా చేశాడు. కొత్త సోడా డబ్బా గదిలో చేతికందే దూరంలోనే ఉంది. దాని మీదికి చేయి వెళ్ళదు. అతను రావాలన్న కోరిక మాత్రం అణువంతైనా తగ్గలేదు. దాన్ని ఏ నీళ్ళల్లో కలపాలో ఆమెకు తెలియలేదు.

కబురు ఇంటికి కూడా చేరింది. తమ్ముడు మొహం చాటేసి తిరిగాడు. మరదలు మాత్రం రెండు పూటలు దులిపేసింది. "మా పరువు బజార్న పెట్టావు వదినా. పదిమందిలో అలా ఎవరైనా నోరు విప్పుతారా? ఆడదానివి, పెద్దదానివి!" అని. మూడో పూట కూరలు తరుగుతూ, తల ఎత్తకుండా, "ఇంతకీ మనిషి ఎలా ఉంటాడు?" అంది.

"ఎలా ఉంటాడంటే? మామూలుగానే ఉంటాడు."

"మామూలు మనిషి కోసం డబ్బాడు సోడా ఎవరూ పోయరు గానీ, సరిగ్గా చెప్పు."

ఆమె చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏడ్చేసింది. మరదలు కత్తి పక్కన పెట్టి దగ్గరికొచ్చి కూర్చుంది. పరువు మాట మళ్ళీ రాలేదు. ఫోన్ చెయ్యమని ఒకసారి, వద్దని ఒకసారి, తమ్ముణ్ణి పంపుదామని ఒకసారి అంది. ఆమె దేనికీ ఒప్పుకోలేదు. "ఆయన్ని నేను చాలాసార్లు రప్పించాను. ఇక చాలు," అంది.

ఆదివారం సెలవు. ఎండ తగ్గాక ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. వీధి తలుపు చప్పుడైతే మరదలు వెళ్ళింది. మగగొంతు ఏదో అడగడం, మరదలు జవాబివ్వడం కుళాయి చప్పుడులో కలిసి సరిగ్గా వినబడలేదు. ఆమె కుళాయి కట్టేసింది.

"ఉందండీ, లోపలే ఉంది," అంటోంది మరదలు. ఆ గొంతులో ఎంత ఆపుకున్నా ఆగని కుతూహలం. "ఏం పని మీద వచ్చారు?"

గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. అతను కారణం వెతుక్కుంటున్నాడని ఆమెకు తెలిసిపోయింది. నీళ్ళ గురించి ఏదో ఒకటి చెబుతాడు. యంత్రం సరిగ్గా నడుస్తోందా అంటాడు. తోటమాలి రుద్దుతున్నాడా అంటాడు. ఏది చెప్పినా సరే, ఎంత చిన్నదైనా సరే, ఏదో ఒక కారణం ఉండనీ అనుకుంటూ ఆమె తడిచేతులతో గోడ పట్టుకుని నిలబడింది.

"పనేమీ లేదండీ," అన్నాడు మేస్త్రి. "ఊరికే వచ్చాను."